నల్లోణ్ణి లండన్ తీసకపోవాలా?



విదేశీ చదువుల మీద రాస్తున్న ఈ వరుసలో ఇప్పటిదాకా ఫీజుల గురించి, ఏజెంట్ల గురించి, కుల ధ్రువీకరణ పత్రం నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ దాకా కాగితాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కుక్క గురించి. నవ్వకండి. నవ్వేవాళ్ల కోసమే రాస్తున్నా.

గిద్దలూరు వైపు ఒక పల్లె నుంచి వచ్చి మా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయికి బ్రిటన్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. పోయిన నెల కలిసినప్పుడు లోన్ గురించి అడుగుతుందనుకున్నా. “సార్, నల్లోణ్ణి తీసకపోవచ్చా?” అని అడిగింది. నల్లోడు వాళ్ల కుక్క. జాతి కుక్కేం కాదు. వీధిలో పుట్టి వాళ్ల వాకిట్లో పెరిగింది. పక్కనున్న సంఘం మిత్రులిద్దరూ పగలబడి నవ్వారు. “మనకే దిక్కులేదు, కుక్కకు విమానమా?” అని ఒకరు. “ఇది బంజారాహిల్స్ జబ్బు, మన వాడకెట్లా అంటుకుంది?” అని ఇంకొకరు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

నాకు ఆ నవ్వుతో పేచీ ఉంది. కుక్క మీద ప్రేమ డబ్బున్నోళ్ల వ్యవహారమని అనుకోవడం అందులో మొదటి పొరపాటు. మన వాడల్లో కుక్క లేని వాకిలి చూపించండి. మెడకు బెల్టు ఉండదు, డాక్టరు చీటీ ఉండదు, పుట్టినరోజు కేకు ఉండదు. కానీ పొద్దుగూకి అమ్మ కూలి నుంచి వచ్చేసరికి మలుపు దాకా ఎదురుపోయేది అదే. మనం తిన్నదే అది తింటుంది, మనం పస్తుంటే అదీ పస్తే. దీన్ని ‘పెట్’ అనరు కాబట్టి ప్రేమ కాకుండా పోతుందా?

రెండో పొరపాటు ఇంకా లోతైనది. “కుక్కకన్నా హీనంగా చూశారు” అనే మాట మనం తరతరాలుగా అంటున్నాం. అది నిజం. కానీ అంటూ అంటూ ఆ కోపం కొంత కుక్క మీదికి మళ్లింది. మనుస్మృతి పదో అధ్యాయం తీయండి. చండాలులూ శ్వపచులూ ఊరి బయట ఉండాలి, వాళ్ల ధనం కుక్కలూ గాడిదలే అని రాసి ఉంటుంది. శ్వపచుడంటే కుక్కను వండుకునేవాడు. అంటే ఒకే నోటితో కుక్కల్ని పెంచేవాళ్లన్నారు, అదే నోటితో కుక్కల్ని తినేవాళ్లన్నారు. ఉన్న ధనాన్ని వండుకు తినే జనం ఎట్లా ఉంటారో రాసినవాళ్లకే తెలియాలి. మన పక్కన కుక్కను నిలబెట్టి ఇద్దర్నీ కలిపి తిట్టారు. మనం ఆ తిట్టు నుంచి బయటపడాలంటే కుక్కను తన్ని బయటపడక్కర్లేదు.

అంబేద్కర్ ఈ తేడా స్పష్టంగా చూశాడు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు దగ్గర ఆయన లేవనెత్తిన ప్రశ్న, పశువులు తాగే నీళ్లు మనిషి ఎందుకు తాగకూడదని. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు, కుక్కలకూ పిల్లులకూ ఉన్నపాటి విలువ లేని, గుక్కెడు నీళ్లు దొరకని ఈ దేశాన్ని నా దేశమని ఎట్లా అనుకోను అని మొహం మీదే అడిగాడు. ఆ ఫిర్యాదు కుక్క మీద కాదు. కుక్కకు తాగనిచ్చిన నీళ్లు మనిషికి తాగనివ్వని వాడి మీద. అప్పటి మన జిల్లా సంగతే చూడండి. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది, మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర గేదె విషయంలోనే. ఆరుగురు చచ్చిపోయారు. ఆ గేదె ఏం నేరం చేసింది?

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. దూరదేశం పోయేటప్పుడు మనల్నే నమ్ముకున్న జీవాన్ని వెంట తీసుకుపోవాలా, వదిలిపోవాలా?

సాహిత్యం చెప్పుకునేవాణ్ణి కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది ధర్మరాజే. తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో స్వర్గానికి నడిచిపోతుంటే ఒక కుక్క వెంట వస్తుంది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు చోటు లేదంటాడు. అది రాకపోతే నేనూ రానంటాడు ధర్మరాజు. చివరికి ఆ కుక్క ధర్మదేవత అని తేలుతుంది. క్లాసులో పిల్లలు ఇక్కడ మురిసిపోతారు. నేను ఒకే ప్రశ్న అడుగుతా. దారిలో ద్రౌపది పడిపోయింది. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు. వాళ్ల దగ్గర ఆగాడా? ఎవరు ఏ తప్పు వల్ల పడ్డారో భీముడికి వివరిస్తూ ముందుకే నడిచాడు. కుక్క దగ్గర మాత్రం ఆగాడు. ఆ కుక్క కూడా కుక్కగా స్వర్గానికి పోలేదు, దేవుడిగా మారాకే పోయింది. రూపం మార్చుకుంటే తప్ప లోపలికి రానివ్వని చోటు ఎట్లాంటిదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే భారతంలో ఇంకో కుక్క ఉంది, పాండవుల వేటకుక్క. అడవిలో ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. అతను దాని నోరు బాణాలతో నింపాడు. అది ఆ నోటితోనే యజమానుల దగ్గరికి ఉరికింది. దాని వెనకే వాళ్లు వచ్చారు, తర్వాత ద్రోణుడు వచ్చాడు, బొటనవేలు పోయింది. ఈ కుక్కను ఎవరూ స్వర్గానికి తీసుకుపోయిన కథ లేదు.

మన పక్క వినుకొండలో పుట్టిన జాషువా దగ్గర లెక్క తిరగబడింది. 1941 నాటి గబ్బిలంలో మనిషి ఇక్కడే ఉండిపోతాడు, జీవం పోతుంది. కాశీలో శివుడి చెవి దగ్గరికి చేరగలిగింది గబ్బిలం, ఆ గుడి గడప తొక్కలేనివాడు మనిషి. జీవాన్ని వెంట తీసుకుపోవాలా అనే ప్రశ్న, పోయే హక్కు ముందే ఉన్నవాడి ప్రశ్న. మనకు చాలాకాలం ఆ ప్రశ్న వేసుకునే అవసరమే రాలేదు. ఇప్పుడు వచ్చింది. గిద్దలూరు పల్లె పిల్ల ఈ ప్రశ్న అడిగిందంటే నాకు నవ్వు రాలేదు, గర్వమనిపించింది.

తెలుగువాళ్లలో ఈ ప్రశ్న మీద అందరి కళ్లూ పడ్డ సందర్భం 2022 ఉక్రెయిన్ యుద్ధం. తణుకు నుంచి వైద్యం చదవడానికి వెళ్లి అక్కడే డాక్టరుగా స్థిరపడ్డ గిరికుమార్ పాటిల్ గుర్తుండే ఉంటాడు. సెవెరోదొనెత్స్క్‌లో ఒక జాగ్వార్‌నీ ఒక నల్ల చిరుతనీ పెంచుకున్నాడు. బాంబులు పడుతుంటే వాటిని వదిలి రానన్నాడు. బేస్‌మెంట్‌లో వాటితోనే ఉన్నాడు. మన ఛానెళ్లు రోజుల తరబడి చూపించాయి. తర్వాత డబ్బులు అయిపోయి పనికోసం పోలెండ్ పోవాల్సి వచ్చింది. అప్పుడు వాటిని అక్కడి రైతు ఒకరికి అప్పజెప్పాడు. వాటిని కాపాడమని భారత ప్రభుత్వాన్ని వేడుకున్నాడు. ఆయన ప్రేమను నేను శంకించను. నాకు ఆసక్తి ఆ రైతు మీద. యుద్ధం మధ్య రెండు పెద్దపులి జాతి జంతువులకు మాంసం తెచ్చి పెట్టాల్సిన మనిషి. ఆ మనిషి మన ఏ ఛానెల్లోనూ మొహం చూపించినట్టు నాకు గుర్తులేదు.

అదే రోజుల్లో కేరళ ఇడుక్కి విద్యార్థిని ఒకామె తన హస్కీ కుక్కపిల్లను భుజాన మోసుకుని సరిహద్దు దాటింది. డెహ్రాడూన్ కుర్రాడొకరు కుక్కకు అనుమతి వచ్చేదాకా కదలనన్నాడు. కేంద్రం పెంపుడు జంతువుల దిగుమతి నిబంధనలను వాళ్ల కోసం సడలించింది. మంచి పనే చేసింది, నాకు అభ్యంతరం లేదు. కానీ అదే మార్చి 1న ఖార్కివ్‌లో సరుకుల కోసం బయటికొచ్చిన కర్ణాటక హావేరి విద్యార్థి నవీన్ చనిపోయాడు. శవం ఎప్పుడు తెస్తారని అడిగితే, విమానంలో శవానికి ఎక్కువ చోటు పడుతుంది, ఆ చోటులో ఎనిమిది పదిమంది కూర్చోవచ్చని ఆ రాష్ట్ర ఎమ్మెల్యే ఒకరు లెక్క చెప్పాడు. శవం ఇంటికి చేరేసరికి మార్చి 21. అదే సరిహద్దుల్లో ఆఫ్రికా నల్లజాతి విద్యార్థులను వరుస వెనక్కి నెట్టారు, రైళ్లెక్కనివ్వలేదు. ఆఫ్రికన్ యూనియన్ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కుక్కకు చోటిచ్చారు కాబట్టి వీళ్లకు చోటు పోలేదు. కుక్కకు ఇవ్వకపోయినా వీళ్లకు ఇచ్చేవాళ్లు కాదు. ఎవరి ప్రేమను చూసి చట్టం మెత్తబడుతుంది, ఎవరి ప్రేమను చూసి మెత్తబడదు అనేదే ఇక్కడ విషయం.

బ్రిటన్‌నే తీసుకోండి. 2024 జనవరి నుంచి అక్కడ మామూలు మాస్టర్స్ కోర్సులకు పోయే విదేశీ విద్యార్థులు భర్తనో భార్యనో పిల్లల్నో డిపెండెంట్లుగా తీసుకుపోవడానికి లేదు. పరిశోధన కోర్సులకు మాత్రం మినహాయింపు. కుక్కకు మాత్రం దారి ఉంది. ఒంట్లో మైక్రోచిప్ వేయించాలి, తర్వాత రేబిస్ టీకా వేయించాలి. టీకా వేసిన 30 రోజులకు తక్కువ కాకుండా ఆగి రక్తపరీక్ష చేయించాలి, అందులో పాసైతే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఆ తర్వాత విమానంలో కార్గోగా పంపాలి. అమెరికా లెక్క ఇంకా గట్టిది. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనం ఉన్నాం. 2024 ఆగస్టు నుంచి మన దగ్గర టీకా వేయించిన కుక్కకు ఆరు నెలలు నిండి ఉండాలి, చిప్ ఉండాలి, గుర్తింపు ఉన్న పరిరక్షణ కేంద్రం ఉన్న కొన్ని విమానాశ్రయాల్లోనే దిగాలి. అన్నీ కలిపితే ఖర్చు లక్షల్లో తేలుతుంది.

అంటే, బిడ్డను తీసుకుపోలేని తల్లి కుక్కను తీసుకుపోవచ్చు, డబ్బుంటే. కువైట్ సంగతి వేరే చెప్పాలా? 2024లో అక్కడ కుటుంబ వీసాకు జీతం కనీసం 800 దినార్లుండాలన్నారు. మన పక్క కడప జిల్లా నుంచి ఇంటిపనికి పోయిన ఆడవాళ్లకు అందులో నాలుగోవంతు వస్తే గొప్ప. వాళ్లు అక్కడ షేకుల పిల్లులకు తిండి పెడతారు. వాళ్ల పిల్లలకు ఇక్కడ అమ్మమ్మలు పెడతారు.

కాబట్టి ఆ అమ్మాయికి నేను సూటిగానే చెప్పాను. తీసుకుపోవద్దు. నల్లోడు కార్గో పెట్టెలో అన్ని గంటలు ప్రయాణం చేసి, నలుగురు కలిసి ఉండే అద్దె గదిలో, నువ్వు క్లాసుకూ వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ పనికీ పోతే, తలుపు వెనక కూర్చుని ఎదురుచూడాలి. ఇక్కడ ఊరంతా వాడిది. నీ ప్రేమ కోసం వాడి ఊరు లాక్కోవద్దు. ఇది చెప్పడం తేలికే.

కష్టమైన ప్రశ్న ఆ తర్వాతది. వదిలిపోతే, ఎవరి దగ్గర?

ఆమె “మా అమ్మ ఉంది గదా సార్” అంది. ఇక్కడే నేను ఆగమంటాను. వాళ్లమ్మ ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోతుంది. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో ఆ రోజుల్లో నిలబడితే తెలుస్తుంది, ఊళ్లకు ఊళ్లు మూటలతో రైలెక్కుతుంటాయి. వానల్లేని ఏడాది హైదరాబాదుకు, బెంగళూరుకు బిల్డింగు పనికి పోతారు. తలుపుకు తాళం, వాకిట్లో కుక్క. పశ్చిమ ప్రకాశంలో వలసపోయే ప్రతి ఇల్లూ విదేశం పోయేవాళ్ల కన్నా ముందే ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంది. కోళ్లను అమ్ముతారు, లేదా కోసుకుంటారు. మేకల్ని సంతకు తోలుతారు, కరువు ఏడాదైతే సగం ధరకే. బర్రె ఉంటే పాలికి ఇస్తారు. కుక్కకు మాత్రం జవాబు లేదు. పక్కింటి ముసలమ్మ ఒక ముద్ద వేస్తే ఉంటుంది, లేకపోతే బస్టాండు చేరుతుంది.

పాలి గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే టౌన్లో పెరిగిన పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. నా పెయ్యదూడను మేపే స్తోమత నాకు లేదు. నీకు ఇస్తా. నువ్వు మేపు. ఎదిగి ఈనినాక, అమ్మితే వచ్చేదాంట్లో సగం నీది. ఊరిని బట్టి, మనిషిని బట్టి వాటా మారుతుంది, మోసాలూ జరుగుతాయి. మేపేది మాదిగోడైతే వాటా దగ్గర నోరు నొక్కడమూ ఎరుగుదుం. అయినా ఆ పద్ధతి లోపల ఒక న్యాయం ఉంది. మేపినవాడికి హక్కు ఉంటుంది. సొంతదారుడు దూరంగా ఉన్నా, రోజూ గడ్డి వేసిన చేతికి భాగం ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు.

మన విదేశీ పిల్లలు ఇంట్లో వదిలిపోయే కుక్కకు, పిల్లికి, అసలు ఇంటికే ఈ న్యాయం వర్తించదు. కుక్క వాళ్లదే. ఫోటోలు వాళ్లవే. వీడియో కాల్‌లో “బుజ్జీ ఇటు చూడు” అనే గొంతు వాళ్లదే. అన్నం వండేది, పేలు దులిపేది, కరిచిందని వీధిలో వచ్చిన తగాదా పడేది అమ్మ. ఆమెకు పాలి లేదు. ‘వదిలిపోయాను’ అని బాధపడుతూ రాసే పోస్టుల్లో కూడా ఆమె ఉండదు. ఆ ఉక్రెయిన్ రైతు లాగే.

అందుకే ఆ అమ్మాయితో పాటు వాళ్లూరు పోయాను. వాళ్లమ్మనే అడుగుదామని. విషయం అంతా విని ఆమె ఒకే మాట అంది: “దాన్ని తీసకపోయేదేంది సార్, అది నా కుక్క గదా. ఈ పిల్ల హాస్టల్లో ఉన్న మూడేళ్లు నాతోటే పండుకుంది.” ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. మనం ఎవర్ని తీసుకుపోవాలా అని తర్జనభర్జన పడేటప్పుడు ఆ జీవం అసలు ఎవరిదని అడగడం మర్చిపోతాం. చదువు మనల్ని ఇంటి నుంచి ముందే దూరం చేసి ఉంటుంది. విమానం ఎక్కేది ఆ తర్వాతెప్పుడో.

1913లో అంబేద్కర్ న్యూయార్క్ పోయినప్పుడు రమాబాయి బొంబాయిలోనే ఉంది. ఆయన కొలంబియాలో చదివినన్నాళ్లూ ఇల్లు లాక్కొచ్చింది ఆమె. బిడ్డల్ని కళ్లముందే పోగొట్టుకుంది. 1935లో ఆమె చనిపోయింది. తర్వాత పాకిస్తాన్ మీద తాను రాసిన పుస్తకాన్ని ఆయన ‘రాము’ స్మృతికి అంకితమిచ్చాడు. తనతో పాటు ఆమె పడ్డ కష్టాన్ని ఆ పేజీలో నమోదు చేశాడు. అది చాలా ఆలస్యంగా ఇచ్చిన పాలి. మనం అంత ఆలస్యం చెయ్యకుండా ఉండొచ్చు.

ఈ సంవత్సరం బయటికి పోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట. కుక్కను వెంట తీసుకుపోవాలనుకుంటే ఆరేడు నెలల ముందే మొదలుపెట్టండి. ఏజెంటు మాట కాదు, ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైట్ చూడండి. అప్పు చేసి మాత్రం తీసుకుపోవద్దు, ఆ అప్పు కట్టేది మళ్లీ ఇంట్లోవాళ్లే. వదిలిపోతుంటే, చూసుకునే మనిషిని ముందు అడగండి, చెప్పడం కాదు, అడగడం. ఆమె వద్దంటే వద్దే. సరేనంటే పోయేముందు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి పోండి. జూలై 6న జూనోసిస్ దినం పేరుతో మన దగ్గర ఉచితంగా టీకాలు వేస్తారు, వాడంతా కుక్కల్ని తోలుకుపోవచ్చు. నెలనెలా పంపే డబ్బులో తిండి ఖర్చు వేరుగా చెప్పి పంపండి, ఇంటి ఖర్చులో కలపొద్దు. కలిపితే ఆమె తన తిండి తగ్గించి దానికి పెడుతుంది. ఆమె కోతలకు పోయే రెండు నెలలు గిన్నె ఎవరు పెడతారో పేరుతో సహా తేల్చండి. సంఘాలకు ఇది చిన్నపనిలా కనిపించొచ్చు. వలసపోయిన ఇళ్ల జీవాలకు వంతులవారీగా తిండి పెట్టే కుర్రాళ్లు నలుగురున్న వాడలో, ముసలోళ్లకు కూడా ఒక పూట ఎవరో పలకరిస్తారు. రెండూ ఒకే వాకిట్లో ఉంటాయి గదా.

తీసుకుపోవాలా వద్దా అని అడిగే తీరిక కూడా లేనివాళ్లు మన దగ్గరే ఉన్నారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులు మూసి వెలిగొండ నీళ్లు నిలబెడతామని 1996లో శంకుస్థాపన చేశారు. ముంపు ఊళ్లవాళ్లు అప్పట్నించి ఇవాళ పోదామా రేపు పోదామా అన్నట్టు బతుకుతున్నారు. కరువు నేలకు నీళ్లు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కొండ పక్క మేతకు అలవాటుపడ్డ గొర్రెలు, బర్రెలు, వాటి వెంట తిరిగే కుక్కలు పునరావాస కాలనీలో కొలిచి ఇచ్చే జాగాలో ఎక్కడ పట్టాలి? 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్లో రెండు అంశాలున్నాయి. ఊరు మారే కుటుంబానికి మనుషుల్ని, సామాన్లను, పశువుల్ని తరలించడానికి 50 వేల రూపాయలు. పశువులున్న కుటుంబానికి కొట్టం కోసం కనీసం 25 వేలు. కోటి రూపాయల ఆఫీసులో కూర్చుని రాసినవాళ్లకు కూడా మనిషి ఒక్కడే కదలడని తెలిసిందన్నమాట. కుక్క మాట అందులోనూ లేదు, అది వేరే సంగతి.

ముంపు ఊళ్ల మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే మీ ప్యాకేజీ ఆర్డర్ తీసి చూడండి. తరలింపు ఖర్చు ఒక పద్దు, కొట్టం ఖర్చు ఒక పద్దు వేరువేరుగా ఉన్నాయా, మీ ఇంటి సర్వే ఫారంలో పశువుల గడి నింపారా, ఖాళీగా వదిలారా? ఖాళీగా ఉంటే కాపీ తీసి పెట్టుకోండి. మార్కాపురంలో కూర్చుని దరఖాస్తులు రాసే పని నాది. ఆదివారం పొద్దున వస్తే సరిపోతుంది.